బాగానే ఉందండి అన్న కోట్లు

ఉదయం ఆరూ పదికి సూరిబాబు కోల్డ్ స్టోరేజీ తలుపు నెట్టుకుని బయటికి వచ్చి, కోటు విప్పి, తిరగేసి దులిపాడు. లోపలి అస్తరు నుంచి తెల్లటి పొడి సిమెంటు గచ్చు మీద రాలింది. నేను అప్పుడే డ్యూటీకి వచ్చి గోడ గడియారం చూస్తున్నాను కాబట్టి టైము గుర్తుండిపోయింది. సీలింగు మీది మంచు లోడింగు వాళ్ళ భుజాల మీద పడటం మామూలే. ఈ మంచు కోటు లోపల ఉంది. ఏంటది అని అడిగాను.

"నాదేనండి," అన్నాడు.

అది అతని చెమట. పెట్టెలు మోస్తుంటే పట్టిన చెమట కోటు దాటి పోవడానికి దారి లేక అస్తరులోనే గడ్డకట్టింది. ఎండ తగలగానే గచ్చు మీది పొడి నీళ్ళై, చిన్న మరకై, ఆరిపోయింది. కాసేపటికి అతను అదే కోటు తొడుక్కుని మళ్ళీ లోపలికి వెళ్ళాడు.

తొంభైల మొదట్లో నేను భీమవరం దగ్గర ఒక రొయ్యల ఎగుమతి ప్లాంటులో రిఫ్రిజిరేషన్ ఇంజినీరుగా చేరాను. రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలు అప్పుడప్పుడు పాలకొల్లు వచ్చి నన్ను కలుస్తుంటారు. కంప్రెసర్ల గురించి అడుగుతారు, అమ్మోనియా గురించి అడుగుతారు. అవన్నీ పుస్తకాల్లో నాకంటే బాగా ఉన్నాయి. లోపల పనిచేసే మనిషి ఒంటి మీద ఏముండాలి అన్నది మాత్రం నేను చదివిన ఏ రిఫ్రిజిరేషన్ పుస్తకంలోనూ లేదు. నా ఉద్యోగంలో నన్ను ఎక్కువ అలసిపోయేలా చేసింది అదే. అందుకని దాని గురించే రాస్తున్నాను.

చెమట

బయట భీమవరం ఉక్క. లోపల మైనస్ పద్దెనిమిది. మధ్యలో ఒక ఇరుకు గది, దాన్ని యాంటీ రూము అంటాం. లోడింగు వాళ్ళ పని ఈ మూడింటి మధ్య తిరగడం. కంటైనరు వచ్చి బయటి డాకుకి, అంటే సరుకెక్కించే గట్టుకి, ఆనుకుందంటే, లోపలి నుంచి రొయ్యల పెట్టెలు భుజం మీద పెట్టుకుని దాంట్లోకి మోస్తారు. ఓడ టైముకి అది నిండి తీరాలి.

పెట్టె మీద మంచు ఉంటుంది. అది మనిషి వేడికి కరిగి భుజం తడుపుతుంది. చల్లబడిన కోటుతో డాకు మీదికి రాగానే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి పట్టినట్టు కోటంతా నీళ్ళు పడతాయి. కాబట్టి కోటు బయటి నీళ్ళని ఆపాలి. కానీ మోసేవాడికి చెమట పడుతుంది. బయటి నీళ్ళని ఆపే కోటు లోపలి నీళ్ళని కూడా ఆపేస్తుంది. ఆ తడి చలిలోకి వెళ్ళాక ఒంటిని కొరుకుతుంది. చిక్కంతా ఇక్కడే.

నాకు పుస్తకాలు చదివే అలవాటుంది. ధ్రువాల వైపు నడిచి వెళ్ళినవాళ్ళ అనుభవాలు కొన్ని చదివాను. వాళ్ళు చలి గురించి తక్కువ రాశారు, చెమట గురించి ఎక్కువ రాశారు. చెమట పట్టకుండా నెమ్మదిగా నడిచినవాడు తిరిగొచ్చాడు. మా ప్లాంటులో నెమ్మదిగా నడిస్తే కంటైనరు ఓడ అందుకోదు.

సూరిబాబు లోడింగు మేస్త్రి. నరసాపురం దిగువన సముద్రం ఒడ్డు ఊరు. వాళ్ళ నాన్న, అన్నలు అందరూ వేటకి వెళ్ళేవాళ్ళు. ఇతనికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం. పడవ మీద రాత్రంతా గాలిలో ఉండలేడని ఒడ్డున పని వెతుక్కోమన్నారు. వెతుక్కున్నాడు. దొరికిన పని మంచుగదిలో.

మేస్త్రి అనిపించుకోవడం అతనికి ఇష్టం. ముఠాలో అందరికంటే ముందు లోపలికి వెళ్ళి అందరికంటే చివర వచ్చేవాడు. తడి కోటుతో ఎక్కువసేపు ఉంటే మాత్రం ఊపిరి ఆడేది కాదు. డాకు స్తంభం పట్టుకుని వంగి నిలబడేవాడు. దగ్గరికి వెళ్తే ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపేవాడు. కోటు సంగతి తేలకపోతే అతను ఆ పని మానుకోవాలి. మానుకుంటే అతనికి సముద్రమూ లేదు, ఒడ్డూ లేదు. ఇది నాకూ తెలుసు, అతనికీ తెలుసు. మేమిద్దరం ఎప్పుడూ ఆ మాట అనుకోలేదు.

ముఠాకి ఒక పద్ధతి ఉండేది. కాసేపు మోసి, అందరూ ఒకేసారి బయటికి వచ్చి, కోట్లు విప్పి తిరగేసి, కండెన్సరు పక్కన ఎండ పడే అరుగు మీద పరిచి, పక్కనే కూర్చునేవాళ్ళు. "ఆరడానికి వెళ్తున్నామండి" అని చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆరేది కోట్లా, మనుషులా అని ఎవరూ విడదీసి చెప్పలేదు. రెండూ ఆరేవి. సూరిబాబు ఊపిరి కూడా ఆ ఎండలో దారికొచ్చేది.

మా ప్రొడక్షన్ మేనేజరు వర్మ గారికి ఆ దృశ్యం గిట్టేది కాదు. అరుగు వైపు చూసి, నాతో "ఏంటి మూర్తి గారూ, మళ్ళీ వడియాలు పెట్టారా?" అనేవారు. ముఠాలో అప్పారావని ఒకడు ఉండేవాడు, సూరిబాబుకి వరసకి మేనల్లుడు. వాడు అక్కడి నుంచే, "ఇంకా పచ్చిగానే ఉన్నామండి, ఓ గంట ఆగి తిరగెయ్యాలండి" అనేవాడు. వర్మ గారు నవ్వాపుకుంటూ వెళ్ళిపోయేవారు.

వర్మ గారు

ఆయన గురించి ఒక మాట ముందే చెప్పాలి, లేకపోతే తర్వాత రాయబోయేది అన్యాయమవుతుంది. ఒకసారి అమ్మోనియా పైపు వాల్వు దగ్గర లీకైంది. వాసన హాల్లోకి వచ్చింది. రొయ్యలు ఒలిచే ఆడవాళ్ళు అరుస్తూ ఒకే తలుపు మీద పడ్డారు. వర్మ గారు తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని రెండో తలుపు తన్ని తెరిచి, ఒక్కొక్కళ్ళనీ పేరు పెట్టి పిలుస్తూ బయటికి పంపించి, చివర తను వచ్చారు. అంతమంది పేర్లు ఆయనకి తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు. వారం పాటు ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను చూసిన పైవాళ్ళలో ఆయన మంచివారు. మంచివారు కూడా కంటికి కనిపించే ప్రమాదానికే పరిగెత్తుతారు.

రబ్బరు, దూది

మొదటి కోట్లు ఆయన కొన్నవే. నల్లటి రబ్బరు గుడ్డవి, వానాకాలంలో మోటారు సైకిళ్ళ మీద వేసుకునే రకం. మంచుగదిలో నీళ్ళు తగులుతాయి కాబట్టి వానకోటు అన్నది ఆయన లెక్క. లోపలికి వెళ్ళిన కాసేపటికే అవి అట్టల్లా బిగుసుకుపోయేవి. మోచెయ్యి వంచితే చప్పుడు. "ఇది కోటండీ, తలుపండీ?" అని అప్పారావు నన్ను అడిగాడు. వర్మ గారు వచ్చి ఎలా ఉన్నాయిరా కోట్లు అని అడిగితే మాత్రం ఆ అప్పారావే చేతులు కట్టుకుని, "ఆయ్, బాగానే ఉన్నాయండి" అన్నాడు. వరసగా అందరూ అలాగే అన్నారు. ఆ ఏడాదంతా అవే వేసుకున్నారు. మడతల దగ్గర పగుళ్ళిచ్చాక గానీ అవి పోలేదు.

రెండోసారి నన్ను చూడమన్నారు. నేను మద్రాసు నుంచి దూది పెట్టి కుట్టిన మందపాటి కోట్లు తెప్పించాను. బయట నైలాను, లోపల నూలు అస్తరు. చేత్తో పట్టుకుంటేనే వెచ్చగా అనిపించేవి. మొదటి రోజు ముఠా అంతా సంబరపడింది. తర్వాత నూలు చెమట తాగడం మొదలుపెట్టింది. తాగింది వదలదు. సూరిబాబు గచ్చు మీద దులిపింది ఆ కోటునే.

ఆ రోజు అతన్ని అడిగాను, నిజం చెప్పు సూరిబాబూ, కోటు ఎలా ఉందని.

"బాగానే ఉందండి."

ఒక్క అక్షరం

మా వైపు మాటలో మర్యాద ఎక్కువ. ఎదుటి మనిషి తెచ్చి ఇచ్చిన వస్తువుని ఆయన ముఖం మీదే బాగాలేదనడం మా వాళ్ళకి చేతకాదు. అలాగని అబద్ధమూ ఆడరు. ఆ రెండింటి మధ్య ఒక్క అక్షరం పెట్టుకున్నారు. బాగుంది అంటే బాగుంది. బాగానే ఉంది అంటే బాగాలేదు, మీరు కష్టపడి తెచ్చారు కాబట్టి ఊరుకుంటున్నాం అని. మా ఇంట్లో ఎవరైనా కూర బాగానే ఉంది అన్నారంటే ఆ కూర మళ్ళీ చాలా రోజులు వండేవాళ్ళు కాదు. ఇంట్లో ఇంత బాగా తెలిసిన సంగతి ప్లాంటు గేటు దాటి లోపలికి వచ్చాక నాకు వినిపించడానికి కొన్నేళ్ళు పట్టింది.

పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఇదే. మీరు ఇచ్చిన వస్తువు గురించి మీరే అడిగితే నిజం రాదు. అడిగేవాడు జీతం ఇచ్చేవాళ్ళ తరఫు మనిషైతే అసలు రాదు. నేను అడగడం మానేశాను. కొక్కేలకి ఇంకా పగలని పాత రబ్బరు కోట్లు కొన్ని, దూది కోట్లు కొన్ని, ఊరికే చేతుల్లేని స్వెటర్లు కొన్ని తగిలించి, పొద్దున ముందు ఏవి ఖాళీ అవుతాయో చూశాను. స్వెటర్లు ముందు పోయాయి. అంటే నీళ్ళు తగిలినా సరే, చెమట పోయే బట్ట చాలన్నమాట. నోటితో ఎవరూ చెప్పలేదు.

మంచుకొండల కోటు

రెండు వేల సంవత్సరానికి కొంచెం అటూ ఇటూగా, సరుకు కొనే విదేశీ కంపెనీ తరఫున ఒక ఇన్‌స్పెక్టరు వచ్చాడు. పొడుగాటి మనిషి, తక్కువ మాటలు. స్టోరేజీ లోపల ప్రతి వరసా చూస్తానన్నాడు. మేము దూది కోటు ఇవ్వబోతే వద్దని తన బ్యాగులోంచి ఒక పల్చటి కోటు తీసి, బొత్తిగా చొక్కాలా ఉన్నదాన్ని, ఒక ఉన్ని బనీను మీద తొడుక్కున్నాడు. వర్మ గారు నా చెవి దగ్గరికి వచ్చి, "ఈయన మనిషిగా వెళ్తున్నాడు, ఐసు బ్లాకుగా వస్తాడు చూడండి" అన్నారు.

అతను చాలాసేపు లోపల ఉండి, పెట్టెలు తనే దించి ఎత్తి చూసి, బయటికి వచ్చాడు. రాగానే రెండు చంకల కిందా ఉన్న జిప్పులు లాగి తెరిచాడు. కోటు లోపల పొడిగా ఉంది. నేను చెయ్యి పెట్టి చూశాను.

సాయంత్రం టీ దగ్గర అడిగితే చెప్పాడు. వాళ్ళ దేశంలో మంచు కొండల మీద కాళ్ళకి పొడుగాటి చెక్కలు కట్టుకుని జారతారట. అందరూ వెళ్ళే చోట పైకి తీసుకెళ్ళడానికి తాడు బండ్లు ఉంటాయి. ఇతనికి అవి నచ్చవు. ఎవరూ లేని కొండ చూసుకుని, ఆ చెక్కలతోనే గంటల తరబడి నడిచి ఎక్కి, ఆ తర్వాత జారుతూ దిగుతాడు. ఎక్కేటప్పుడు ఒళ్ళంతా చెమట. పైన నిలబడినప్పుడూ, దిగేటప్పుడూ చంపేసే గాలి. కోటు కొనేవాళ్ళందరూ ఇది వానని ఆపుతుందా అని అడుగుతారనీ, ఎక్కేటప్పుడు ఎలా ఉంటుందని అడిగేవాళ్ళు తక్కువనీ అన్నాడు.

ఆ రాత్రి ఇంటికి వెళ్తూ అదే ఆలోచించాను. మా వాళ్ళు పెట్టె మోయడం అతను కొండ ఎక్కడం. కంటైనరులో పెట్టెలు సర్దుతూ నిలబడటం అతను దిగడం. మా కొండ చదునుగా ఉంది, అంతే తేడా.

వెళ్ళే రోజు ఆ కోటు నాకే ఇచ్చేశాడు. ఇంట్లో ఇంకోటి ఉందన్నాడు. నేను దాన్ని సూరిబాబుకి ఇచ్చాను. పొడుగు ఎక్కువైంది, చేతులు మడుచుకున్నాడు. చంకల దగ్గర తడిమి, "ఇక్కడ జేబులెందుకండి?" అన్నాడు.

"గుడికెళ్ళినప్పుడు చిల్లర దాచుకోడానికి, మావా," అన్నాడు అప్పారావు.

నాలుగు రోజులు చూశాం. లోపల అది చెప్పినట్టే పనిచేసింది. సూరిబాబు స్తంభం పట్టుకోవడం తగ్గింది. కానీ డాకు మీదికి వచ్చి కాసేపు మోస్తే లోపల మామూలుగానే తడిసిపోయేవాడు. నాకు ముందు అర్థం కాలేదు, తర్వాత సిగ్గేసింది. చెమట ఆవిరి తడి ఎక్కువ ఉన్న చోటు నుంచి తక్కువ ఉన్న చోటుకి పోతుంది. మంచుగదిలో గాలి ఎండిపోయి ఉంటుంది కాబట్టి పోయింది. భీమవరం గాలిలో కోటు లోపల ఎంత తడో బయటా అంతే. ఇక ఎక్కడికి పోతుంది? అమ్మేవాళ్ళు ఈ కోటు ఊపిరి పీలుస్తుందంటారు. బట్ట ఊపిరి పీల్చదు. గాలి ఒప్పుకుంటే ఆవిరిని పోనిస్తుంది, అంతే.

గంజి

ఐదో రోజు ఆఫీసులో ఎవరో ఆ కోటు మురికిగా ఉందని లాండ్రీకి వేశారు. మా ప్లాంటు బట్టలన్నీ ముందు క్లోరిన్ నీళ్ళలో నానేవి, అది రూలు. ఆ తర్వాత లాండ్రీకి వెళ్ళేవి. రెండు రోజుల తర్వాత కోటు వచ్చింది. గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, చేతులకి కత్తిలాంటి మడత తీసి, కాగితంలో చుట్టి.

వర్మ గారు దాన్ని నిలబెట్టి చూసి, "సూరిబాబూ, పెళ్ళిళ్ళు ఏమైనా ఉంటే చెప్పు" అన్నారు. నేను లాండ్రీకి వెళ్ళి అడిగాను. లాండ్రీ అతను నొచ్చుకున్నాడు. "ఫారిన్ దొర గారి కోటన్నారు కదండీ. గంజి లేకుండా ఎలా ఇస్తామండి?" అన్నాడు. మర్యాద చేశాడు పాపం. మా వైపు తప్ప ఇంకెక్కడా ఈ తప్పు జరగదు.

గంజి ఆ బట్టలోని కంటికి కనపడని రంధ్రాలన్నీ మూసేసింది. క్లోరిన్ పైపూత తినేసింది. నీళ్ళు ఇదివరకు ముత్యాల్లా జారేవి, ఇప్పుడు మచ్చల్లా ఇంకాయి. ఒట్టి నీళ్ళలో చాలాసార్లు జాడిస్తే సగం తిరిగొచ్చింది. మిగతా సగం రాలేదు. కోటు ఎంచుకునేటప్పుడు దాన్ని ఎవరు ఉతుకుతారు, వాళ్ళకి ఎవరు చెప్తారు అని కూడా చూసుకోవాలని అప్పుడు తెలిసింది.

ఎలాంటిది కొనాలి

ఇది పిల్లల కోసం, తొందరగా చెప్తాను. వెచ్చదనం, నీళ్ళు ఆపడం, రెండు పనులూ ఒకే కోటుకి అప్పగించకండి. వెచ్చదనానికి లోపల పల్చటి ఉన్నిది వేరే వేయండి, అది తడిస్తే మార్చుకోవచ్చు. పైన ఉండేది ఒట్టి పొరలా ఉండాలి, దానికి నూలు అస్తరు ఉండకూడదు. చంకల కింద జిప్పులు తప్పకుండా ఉండాలి. ఎంత గొప్ప బట్టైనా తెరిచిన జిప్పు చేసే పని చేయలేదు. జిప్పు కొసకి గ్లవ్సుతో పట్టుకునేంత తాడు కట్టి ఉండాలి. భుజం మీద కుట్టు రాకూడదు, పెట్టె ఆనేది అక్కడే, ముందు ఊడేదీ అక్కడే. కోటుకున్న టోపీ తలతోపాటు తిరగాలి, లేకపోతే మనిషి పక్కకి చూసినప్పుడు టోపీ లోపలి గుడ్డ కనిపిస్తుంది, వచ్చే ట్రాలీ కనిపించదు. వంగితే నడుము బయటపడకూడదు. షాపులో నిలబడి వేసుకుని చూస్తే ఇవేవీ తెలియవు. ఏదైనా బరువు ఎత్తి చూడండి.

ఇవన్నీ రాసి పట్టుకుని ఒక ఏడాది తిరిగాను. చివరికి కోయంబత్తూరు వైపు ఒక కుట్టు యూనిట్ వాళ్ళు చేసిచ్చారు. విదేశీ బట్టంత గొప్పది కాదు. మా పనికి సరిపోయింది. ముఠా మొత్తానికి వచ్చాయి.

మొదటి కంటైనరు అయ్యాక సూరిబాబు డాకు మీదికి వచ్చి, జిప్పులు తెరిచి, నా దగ్గరికి వచ్చాడు. నేను అడగకూడదు అనుకున్నాను, అతనే చెప్పాడు.

"బాగుందండి."

ఆ ఒక్క అక్షరం లేదు. నా ఉద్యోగంలో నాకు దక్కిన మెచ్చుకోలు అదొక్కటే అని ఇప్పటికీ అనుకుంటాను.

కోటుందిగా

వారం తిరగకుండా వర్మ గారు నన్ను పిలిచారు. కూర్చోమన్నారు. కోటు బాగుందటగా అన్నారు. బాగుందండి అన్నాను. లోపల తడవట్లేదటగా అన్నారు. తడవట్లేదండి అన్నాను.

"మరైతే వడియాలెందుకండి ఇంకా?"

ఆయన నవ్వుతూనే అడిగారు. కోటు ఒంటిని చూసుకుంటుంది గానీ ఊపిరి సంగతి దానికి సంబంధం లేదనీ, పీల్చే గాలి అదే మైనస్ పద్దెనిమిదనీ, బయట కూర్చోవడం కోటు కోసమే కాదనీ చెప్పాను. ఆయన విన్నారు. విని, "తడి కోట్లు ఆరబెట్టుకోవాలని కదా ఇన్నేళ్ళూ నేనూ చూసీచూడనట్టు ఊరుకున్నాను. మీరే కదా ఆ బాధ తీర్చారు" అన్నారు. ఉద్యోగం చేసుకునేవాడు ఎంత గట్టిగా చెప్పగలడో అంత గట్టిగా మళ్ళీ చెప్పాను. ఆయన దృష్టిలో లెక్క సరిపోయింది. తడి ఉంటే ఆరాలి. తడి లేదు.

అప్పటి నుంచి కంటైనరు నిండేదాకా ముఠా ఎండలోకి రావడం ఆగిపోయింది. భోజనానికి వచ్చేవాళ్ళు, మళ్ళీ లోపలికి.

నేను ఆ మాట చెప్పడానికి డాకు దగ్గరికి వెళ్ళేసరికి వాళ్ళకి అప్పటికే తెలిసిపోయింది. ఎవరూ గొడవ చేయలేదు. సూరిబాబు "ఆయ్" అన్నాడు. అప్పారావు మాత్రం అతని వైపు తిరిగాడు. వాడి గొంతులో ఆ రోజు వేళాకోళం లేదు.

"నువ్వు బాగానే ఉందని అనుంటే సరిపోను కదా మావా. ఎప్పుడూ అనేదే కదా."

"నిజంగానే బాగుంది కదరా," అన్నాడు సూరిబాబు.

నా వైపు తిరిగి అన్నాడు: "పాత కోటైతే తడిసిందని వంక ఉండేదండి. ఇది తడవదు కదండి."

ఆ మాట తర్వాత నేను చాలాసార్లు తలుచుకున్నాను. అన్నేళ్ళూ నేను తడి కోటుని అతనికి శత్రువనుకున్నాను. అది అతన్ని బయటికి పంపిస్తున్న సంగతి అతనికి తెలుసు, నాకు తెలియదు. చెడ్డ వస్తువు మనిషికి ఏ చిన్న వెసులుబాటు ఇస్తోందో చూడకుండా దాన్ని తీసేసి మంచిది ఇస్తే, ఆ వెసులుబాటు కూడా దాంతో పోతుంది. మంచి వస్తువు ఇచ్చేముందే, ఇది వచ్చాక కూడా ఇంతసేపు బయట కూర్చుంటారు అని పైవాళ్ళ చేత ఒప్పించుకోండి. తర్వాత ఎవరూ ఒప్పుకోరు. ఈ మొత్తం రాతలో పనికొచ్చే మాట ఇదొక్కటే కావచ్చు.

మంగమ్మ

ఆ తర్వాతి చలికాలం సూరిబాబు మళ్ళీ స్తంభం పట్టుకోవడం మొదలుపెట్టాడు. ఈసారి ఒళ్ళు వెచ్చగా, పొడిగా ఉండి పట్టుకున్నాడు. ఎండలోకి వెళ్ళి కూర్చోమని నేనంటే, ముఠా అంతా లోపల ఉంటే మేస్త్రి ఒక్కడూ ఎలా కూర్చుంటాడండి అన్నాడు. నేను వర్మ గారితో మాట్లాడి గేటు దగ్గర పని ఇప్పించాను. ఆయన వెంటనే ఇచ్చారు, పాపం, ఒక్క మాట అడ్డం చెప్పలేదు. సూరిబాబు గేటు దగ్గర కూర్చునేవాడు గానీ, కంటైనరు వచ్చినప్పుడల్లా లేచి డాకు దాకా వచ్చి, పెట్టెలు ఎలా సర్దుతున్నారో చూసి, ఏమీ అనకుండా వెనక్కి వెళ్ళేవాడు. మేస్త్రి అని పిలిచేవాళ్ళు తగ్గారు. కొన్నాళ్ళకి రావడం మానేశాడు. వాళ్ళ ఊళ్ళోనే పోయాడు.

చలి వల్ల అని డాక్టరు అనలేదు. నేనూ అనలేను. ఉబ్బసం ఉన్న మనిషి, సముద్రం మీద ఉన్నా అంతేనేమో. ఇలా సర్దిచెప్పుకోవడం వచ్చు నాకు. చాలా ఏళ్ళుగా సర్దిచెప్పుకుంటూనే ఉన్నాను.

నేను వాళ్ళ ఇంటికి వెళ్ళాను. అప్పారావు బస్టాండు దాకా ఎదురొచ్చి తీసుకెళ్ళాడు. సూరిబాబు భార్య మంగమ్మ నాకు కుర్చీ వేసి, తను గుమ్మం దగ్గర కూర్చుంది. ఏడవలేదు, అప్పటికి ఏడ్చేసి ఉంది. టీ తాగుతారా అని అడిగింది. ఆ తర్వాత తనే ఎత్తింది.

"మీరిచ్చిన కోటు మాట ఎప్పుడూ చెప్పేవారండి. చాలా బాగుండేదంట."

నేను కుర్చీ గుమ్మం వైపు జరుపుకున్నాను.

"ఒళ్ళంతా వెచ్చగా ఉండేదంటండి," అంది. "గాలే చల్లగా ఉండేదంట."

వర్మ గారు మా ప్లాంటు అమ్ముడైన ఏడాదే మానేశారు. ఆయన కూడా ఇప్పుడు లేరు. చివరిసారి కలిసినప్పుడు సూరిబాబు పేరు ఆయనే ఎత్తి, సగంలో ఆపేశారు. కొత్త యజమానులు డాకు చుట్టూ గోడ కట్టి, బయటి గాలి రాకుండా రబ్బరు తెరలు దించారు. సరుకుకి అది మంచిదే, నేనున్నా అదే చెప్పేవాణ్ణి. అరుగు మీద జనరేటరు పెట్టారు. కోట్లు ఇప్పుడు విదేశాల నుంచే వస్తాయట, మేం కుట్టించిన వాటికంటే చాలా మంచివి. లోడింగు వాళ్ళెవరూ ఇప్పుడు ఆరడానికి బయటికి రారు.